అంగము నెడబాయని లింగము

సుఖముగా గడచు దినములలో శివుడెక్కడ నున్నాడని అడుగువారు అరుదు. పంట ఇల్లు చేరి, పిల్లలు ఆరోగ్యముగా తిరుగుచు, చేతిలో నాలుగు కాసులు ఆడుచున్నప్పుడు ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు. వాన మొగము చాటువేసి చేను ఎండినప్పుడు, ఇంటికి ఆధారమైన మనిషి మంచము పట్టినప్పుడు, అప్పిచ్చినవాడు వచ్చి అరుగుమీద కూర్చున్నప్పుడు, చేతికి అందివచ్చిన బిడ్డ కన్ను మూసినప్పుడు అది తటాలున లేచును. "ఇంతకాలము పూజించితిని గదా, ఇప్పుడు శివుడేడీ?" అని భక్తుని మనస్సు అడుగును. ఆ మాట విన్నంతనే చెవులు మూసికొని, అది అపచారమని గద్దించు పెద్దలు కొందరు కలరు. కాని అది అపచారము కాదు. శివుని తనవానిగా తలచినవాడే శివుని అడుగును. పరాయివానిని ఎవరును "ఎక్కడికి పోయితివి?" అని నిలదీయరు. కావున ఆ ప్రశ్నను అణచివేయుటకంటె దానికి సమాధానము తెలిసికొనుటయే మేలు.

వీరశైవ ధర్మము ఆ సమాధానమును గ్రంథములలో మాత్రమే దాచియుంచలేదు. భక్తుని ఎదపై నిలిపియున్నది. దీక్షాకాలమున గురువు శిష్యుని హస్తమునందు ఇష్టలింగమును అనుగ్రహించును. ఆ దినము మొదలు అది లింగకాయలోనో, వస్త్రములోనో ఉండి, శివదారముతో అంగమును అంటిపెట్టుకొని యుండును. పసికందుగా నున్నప్పుడే బిడ్డకు లింగధారణ చేయించు ఇండ్లు ఎన్నియో కలవు. పురుషునకు ఎట్లో స్త్రీకిని అట్లే. పనికి పోవునప్పుడు దానిని తీసి గూటిలో పెట్టి పోవుట లేదు. పొలములో నాగలి పట్టినప్పుడును, అంగడిలో త్రాసు పట్టినప్పుడును, వంటింటిలో రొట్టె తట్టునప్పుడును, ఊరుగాని ఊరిలో బస్సు కొరకు ఎదురుచూచునప్పుడును అది వెంటనే యుండును.

ఇంకొక విశేషము కలదు. జాతి, జననము, మరణము, రజస్సు, ఎంగిలి అను పంచసూతకములు లింగధారికి లేవని శరణులు చాటిరి. దీని లోతు కష్టకాలమునందే తెలియును. దేవుని దూరముగా ఉంచవలసిన దినమొక్కటియు భక్తుని జీవితమున లేదని దీనికి అర్థము. ఇంటిలో శవమున్న గడియలో, లోకము ఆ ఇంటిని మైలయని తలచి వాకిట నిలిచిన వేళలో సైతము, లింగము అంగముపైననే యున్నది. తుదకు ప్రాణము పోయిన పిమ్మట దేహమును కూర్చుండబెట్టి సమాధి చేయునప్పుడు, ఎడమ అరచేతిలో ఆ లింగమునే ఉంచెదరు. తక్కిన తోడులన్నియు సమాధి గట్టున నిలిచిపోవును. ఈ తోడు లోపలికి సైతము వచ్చును.

2020 మార్చి నెలాఖరున మహమ్మారి వలన దేశమంతటను రాకపోకలు నిలిచిపోయినవి. ఆలయముల తలుపులు మూతపడినవి. జాతరలు ఆగినవి. శ్రీశైలము వంటి మహాక్షేత్రములలో సైతము కొన్ని వారములపాటు భక్తులకు దర్శనము లేకపోయెను. ఆ దినములలో అనేకులు దేవుడు తమకు దూరమైనట్లు బాధపడిరి. అయితే ప్రాతఃకాలమున స్నానము చేసి, విభూతి ధరించి, తన లింగమును తన అరచేతిలో ఉంచుకొని కూర్చున్న భక్తునకు ఏ తలుపు మూతపడినది? ఏ అర్చకుని అనుమతి కావలసి వచ్చినది? పండ్రెండవ శతాబ్దమున శరణులు దేవుని గర్భగుడి నుండి అరచేతికి తెచ్చిన కార్యమెంత గొప్పదో ఆ వారములలో ఒక్కొక్క ఇల్లును తెలిసికొనినది.

ఇంతవరకు చెప్పినది వినుటకు హాయిగా నుండును. కాని ఇక్కడనే ఒక పొరపాటు పొంచియున్నది. లింగము అంగముపై నున్నది కావున కష్టము దరికి రాదని తలచుటయే ఆ పొరపాటు. అట్లు తలచినవాడు ఇష్టలింగమును తాయెత్తుగా మార్చుచున్నాడు. తాయెత్తు కట్టుకొన్నవాడు జ్వరము తగ్గకున్నచో దానిని తెంపి పారవేసి వేరొకటి కట్టుకొనును. ఇష్టలింగమును అట్టి దృష్టితో ధరించినవాని భక్తియు మొదటి కష్టముతోనే తెగిపోవును. తెగిన తరువాత లింగమును నిందించును, లేదా తన పూజలో లోపమున్నదని తన్ను తాను నిందించుకొనును. ఈ రెండు నిందలును నిరాధారములే.

శరణుల చరిత్రమే దీనికి సాక్ష్యము. నేటి తెలంగాణ సరిహద్దునకు చేరువగా, బీదరు జిల్లాలో నున్న బసవకల్యాణమే ఆనాటి కల్యాణ నగరము. బసవేశ్వరుడు అక్కడ బిజ్జలుని కొలువులో దండనాయకుడై, అనుభవ మంటపమున అన్ని వృత్తులవారిని, అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెను. చెప్పులు కుట్టు హరళయ్యయు, బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసుడును లింగధారులై సోదరులవలె మెలగిరి. ఒకరి కుమారునకు, వేరొకరి కుమార్తెకు వివాహము జరిగెను. వర్ణసంకరమని ప్రత్యర్థులు గగ్గోలు పెట్టిరి. రాజాజ్ఞచే హరళయ్యయు మధువరసుడును మరణదండనకు గురియైరని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. వారి అంగములపై లింగము లేదా? ఉన్నది. వారి భక్తిలో లోపమున్నదా? ఆ మాట అనుటకు ఏ వీరశైవునకు నోరాడును? లింగము తాయెత్తే అయినచో హరళయ్య బ్రతికియుండవలెను. అట్లు జరుగలేదు. క్రీ.శ. 1167-68 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను, కల్యాణము కల్లోలమయ్యెను, శరణులు చెల్లాచెదరైరి.

మరి లింగము ఇచ్చు రక్షణ యేది? ఇక్కడ రెండు మాటలను వేరుచేసి చూడవలెను. భద్రత వేరు, అభయము వేరు. ఆపద రాకుండుట భద్రత. ఆపద వచ్చినను తాను విడువబడలేదని తెలియుట అభయము. భద్రతను ధనము కొంత ఇచ్చును, బలగము కొంత ఇచ్చును, ప్రభుత్వము కొంత ఇచ్చును. వాని కొరకు పాటుపడుట తప్పు కాదు. వైద్యునియొద్దకు పోవుట, పంటకు బీమా చేయుట, పిల్లలకు విద్య చెప్పించుట అన్నియు చేయవలసిన పనులే. కాని అవి ఎంత గట్టివైనను ఎక్కడనో ఒకచోట చేతులెత్తివేయును. అభయమట్టిది కాదు. తక్కినవన్నియు చేతులెత్తివేసిన చోటనే దాని పని మొదలగును.

కల్యాణమును విడిచిన శరణులు పోగొట్టుకొన్నవి అనేకములు. ఊరు పోయినది, ఇండ్లు పోయినవి, మంటపము పోయినది, కొలువులు పోయినవి. బసవేశ్వరుడు మంత్రి పదవిని విడిచి, బాల్యమున విద్య నేర్చిన కూడలసంగమమునకే తిరిగి వచ్చి అక్కడ లింగైక్యుడయ్యెను. చెన్నబసవేశ్వరుడు శరణులతో గూడి పడమటి అడవులలోని ఉళవి చేరెను. దారి పొడవునను వారు వచనముల తాళపత్రములను కాపాడుకొనుచు పోయిరని పెద్దలు చెప్పుదురు. వారి వెంట వచ్చినవి రెండే: కట్టలలోని వచనములు, కంఠములలోని లింగములు. రాజ్యము ఆ రెంటిని తీసికొనలేకపోయెను. తరువాతి శతాబ్దములలో కన్నడ దేశమునను, తెలుగు దేశమునను వెలసిన మఠములకు, దాసోహములకు మూలము ఆ దారిపొడవున నడచిన పాదములే. పోగొట్టుకొన్నవానిని లెక్కించినచో అది పరాజయము. ఎడబాయనిదానిని లెక్కించినచో అది కొనసాగింపు.

అభయము కలిగినవానికి దుఃఖము ఉండరాదని తలచుటయు సరికాదు. తెలుగునాట ఇందులకు మల్లికార్జున పండితారాధ్యుని కంటె గొప్ప ఉదాహరణము లేదు. ఆయన బసవేశ్వరుని దర్శింపగోరి కల్యాణమునకు బయలుదేరెను. దారిలోనే బసవేశ్వరుడు లింగైక్యమందెనను వార్త చెవిని పడెను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున ఆ మహాపండితుడు ఎంతగా శోకించెనో దాచిపెట్టక వర్ణించెను. వాదములలో పరపక్షముల నోరు కట్టించినవాడు, శివతత్త్వసారము రచించినవాడు, శిష్యులు చూచుచుండగా దారిలో విలపించెను. ఆ విలాపము వలన ఆయన ఆరాధ్యత్వమునకు కొరత రాలేదు. పిమ్మట ఆయన శ్రీశైలము వైపు నడచెను. ఏడ్చుటయు నిజమే, నడచుటయు నిజమే. లింగము తోడుండుట యనగా కన్నీరు ఆగుట కాదు. కన్నీటితోనే తరువాతి అడుగు వేయగలుగుట. కావున ఆప్తులను పోగొట్టుకొన్న ఇంటిలో ఎవరైన వెక్కివెక్కి ఏడ్చుచున్నచో, "భక్తులై యుండి ఏడ్చెదరా?" అని అనరాదు. ప్రక్కన కూర్చుండుటయే చాలును.

ఇంకొక శంక కొందరిని నిజముగా బాధించుచున్నది. శస్త్రచికిత్సకు ముందు వైద్యులు మెడలోనివన్నియు తీయించెదరు. ఆ గడియలో, అన్నిటికంటె ఎక్కువ భయపడు ఆ గడియలోనే, లింగము అంగమును వీడుచున్నది గదా యని భక్తులు కుమిలిపోవుదురు. మతి తప్పిన ముసలితల్లి లింగకాయను ఎక్కడనో జారవిడిచినచో ఇంటివారు తల్లడిల్లుదురు. లింగమును ప్రాణముగా తలచు నిష్ఠ గొప్పది; దానిని తేలిక చేయరాదు. అయితే ఆ నిష్ఠకే ఒక లోతైన మెట్టు కలదు. ఇష్టలింగము, ప్రాణలింగము, భావలింగము అని శరణులు మూడు చెప్పిరి. అరచేతిలో కనబడునది ఇష్టలింగము. శ్వాసలో నిలుచునది ప్రాణలింగము. భావమంతయు నిండునది భావలింగము. మూడును వేరువేరు దేవుళ్లు కారు. ఒక్క చైతన్యమునకే మూడు నెలవులు. గురువు చేతికి ఇచ్చినది లోననున్నదానికి గురుతు. గురుతును కొన్ని గంటలు పళ్లెములో పెట్టి ఇంటివారు భద్రముగా పట్టుకొని కూర్చున్నను, లోననున్నదానిని ఏ కత్తియు వెలికి తీయలేదు. ఊపిరి ఆడుచున్నంతవరకు ప్రాణలింగము అక్కడనే యున్నది.

త్రాళ్లు పేను నులియ చందయ్య కథను శరణ సంప్రదాయము ఇందులకే చెప్పుకొనుచున్నది. ఆయన గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడెను. ఆయన కాయకమును ఆపలేదు. అప్పుడు లింగమే ఆయన వెంటబడి, తన్ను మరల స్వీకరింపుమని వేడెనట. కథలోని చమత్కారమును చూచి నవ్వుకొని విడిచిపెట్టరాదు. భక్తుడు లింగమును పట్టుకొన్నాడని లోకము తలచును. లింగమే భక్తుని పట్టుకొన్నదని కథ చెప్పుచున్నది. భక్తుని పట్టు సడలవచ్చును. రోగము, వార్ధక్యము, దుఃఖము ఆ పట్టును సడలించును. శివుని పట్టు సడలదు. పూజ చేయుటకు ఓపిక లేని రోగికి, మంత్రము మరచిన వృద్ధునకు, దుఃఖముచే లింగమువైపు చూడలేని తల్లికి ఈ కథ గొప్ప ఊరట. వారు రాలేకపోయినచో ఆయనయే వచ్చును.

అట్లని నిత్యపూజను నిర్లక్ష్యము చేయవచ్చునని అర్థము కాదు. ఇల్లు అంటుకొన్నప్పుడు బావి త్రవ్వనారంభించిన లాభము లేదు. సుఖదినములలో ఏర్పడిన అలవాటే కష్టదినములలో చేయూత యగును. ఉదయమున విభూతి ధరించి, ఎడమ అరచేతిలో లింగమును నిలిపి, దృష్టిని దానిపై నిలిపి, పంచాక్షరిని మెల్లగా జపించుట పది నిమిషముల పని. మనస్సు నిలువదని కొందరు దిగులుపడుదురు. మనస్సు పరుగెత్తిన పరుగెత్తనిండు. చేయి నిలిచియున్నది, కన్ను తిరిగి వచ్చుచున్నది, అది చాలును. అట్లు వేయి దినములు కూర్చున్నవాని చేతికి ఒక జ్ఞాపకము ఏర్పడును. అర్ధరాత్రి ఫోను మ్రోగి దుర్వార్త విన్నప్పుడు, ఏమి చేయవలెనో మనస్సునకు తోచకముందే అతని చేయి లింగకాయను తాకును. ఆ తాకిడియే ప్రార్థన. మాటలు తరువాత వచ్చినను రాకున్నను కొరత లేదు.

ఇదంతయు భక్తుని ఏకాంతమునకు సంబంధించినది. కాని వీరశైవము ఏకాంతమున ముగియదు. అష్టావరణములలో గురువు, లింగము తరువాత జంగమము నిలిచియున్నది. లింగము మౌనముగా నుండును. జంగమము నడచి వచ్చును, మాటాడును, అన్నము పెట్టును. కష్టములో నున్నవాడు "శివుడెక్కడ?" అని అడిగినప్పుడు, అతని లింగము అతనికి లోపల సమాధానము చెప్పుచుండగా, బయట సమాధానము చెప్పవలసిన బాధ్యత తోటి లింగధారులది. శరణులు దీనికి దాసోహమని పేరిడిరి.

2009 అక్టోబరు మొదటి వారమున కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలును, అలంపురమును ముంచినవి. మిద్దెలపై రాత్రులు గడపినవారికి, కట్టుబట్టలతో ఊరు విడిచినవారికి ఆనాడు కావలసినది ఉపన్యాసము కాదు. గుక్కెడు మంచినీరు, పట్టెడన్నము, పొడిబట్ట. అట్టి వేళ అన్నపు మూటతో వచ్చిన మనిషి ఎవడైనను, అతడే నడచివచ్చిన శివుడు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వాములు (1907-2019) కులమతములు ఎంచక వేలాది పేద బాలురకు అన్నము, ఆశ్రయము, అక్షరము సమకూర్చిరి. ఆకలితో వచ్చిన బాలునకు శివుడున్నాడని ఆ మఠము తర్కముతో నిరూపింపలేదు. పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డించినది. ప్రతి మఠమును, ప్రతి ఇల్లును తన శక్తికొలది చేయవలసిన పని ఇదియే. పొరుగింటిలో పొయ్యి వెలుగలేదని తెలిసియు తన లింగపూజ తాను చేసికొని లేచినవాడు పూజలో సగమే చేసినవాడు.

ఇందులో ఒక జాగ్రత్త కూడ కలదు. కష్టములో నున్నవానితో "నీ పూర్వకర్మ" అనియో, "నీ నిష్ఠ చాలలేదు" అనియో పలుకుట అపచారము. హరళయ్యకు ఏ నిష్ఠ చాలలేదు? శివుడు వాని ఎదపై కూర్చుండియుండగా, వానిని శివునిచే విడువబడినవానిగా చూచు అధికారము ఎవరికిని లేదు. సాయము చేయగలిగిన చేయవలెను. చేయలేనిచో ప్రక్కన మౌనముగా కూర్చుండవలెను. ఆ మౌనమును దాసోహమే.

బసవేశ్వరుడు ఐక్యమందిన కూడలసంగమమున, కృష్ణా మలప్రభలు కలియుచోట, నేడు ఒక దృశ్యము కలదు. నారాయణపురము వద్ద కట్టిన బసవసాగర జలాశయపు నీరు అంతవరకు పరచుకొనినప్పుడు, ఐక్యస్థలము మునిగిపోకుండ దాని చుట్టును బావివలె ఎత్తైన గోడను నిర్మించిరి. యాత్రికుడు నీటి నడుమనున్న ఆ కట్టడములోనికి మెట్లు దిగి పోవును. గోడ కావల నాలుగు వైపులను నీరే. లోపల, నీటిమట్టము కంటె లోతున, లింగము తన చోటనే యున్నది. నీరు తగ్గలేదు; నది వెనుకకు పోలేదు. లోతున ఒక చోటు మాత్రము మునుగక నిలిచినది.

కష్టకాలమున భక్తుని స్థితియు ఇట్టిదే. చుట్టునున్న నీరు తీసిపోవలెనని అతడు ప్రార్థింపవచ్చును, తీసిపోవుటకు పాటుపడవచ్చును. అది ఒక్కొక్కప్పుడు త్వరగా తీసిపోవును, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును, కొన్నిసార్లు ఎన్నడును తీయదు. ఏది జరిగినను మెట్లు దిగి చేరదగిన చోటొకటి అతని ఎదలోనే యున్నది. అక్కడ లింగము అంగమును ఎడబాయక వెలుగుచున్నది. పుట్టిన దినమున కట్టిన ఆ తోడు, సమాధిలో అరచేత నిలుచు ఆ తోడు, నడుమనున్న ఈ కష్టదినములలో మాత్రము ఎట్లు విడిచిపోవును?

బాధలో నున్న ప్రతి ఇంటికి ఆ అభయము తెలియును గాక. ఆ అభయము తెలిసినవారు పొరుగింటి వాకిట దాసోహమై నిలుతురు గాక.

శరణు శరణార్థి.